పాత మోటారు వాహనాల ఆయిల్ ఫిల్టర్ - పుట్టుక, పరిణామం: ఒక వస్తుచరిత్ర పరిశీలన

వ్యాససంగ్రహం:
మోటారు వాహన చరిత్రలో ఇంజనుకు, చక్రాలకు, బాడీ రూపకల్పనకు దక్కిన శ్రద్ధ చిన్న విడిభాగాలకు దక్కలేదు. ఇంజన్ ఆయిల్‌ను వడగట్టే ఫిల్టర్ అటువంటి విడిభాగం. 1923లో అమెరికాలో ఒక వ్యక్తి దీనిని కనిపెట్టినట్లు సాధారణంగా చెబుతారు. ఈ వడపోత రూపం గనుల నుండి, చక్కెర కర్మాగారాల నుండి మోటారులోకి వచ్చిందనీ, దాని ఆలస్యానికి కారణం అజ్ఞానం కాక ఇంజన్ నిర్మాణమేననీ, 'పారవేసే డబ్బా'గా అది స్థిరపడడం అనివార్య పరిణామం కాదనీ నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం. పాత ఫిల్టర్‌ను చారిత్రక ఆధారంగా చదవవలసిన పద్ధతి కూడా ఇందులో చర్చించబడింది.

కీలకపదాలు: కందెన, వడపోత, ప్యూరొలేటర్, స్వీట్‌లాండ్, క్రైస్లర్, బైపాస్ ఫిల్టర్, వస్తుచరిత్ర

1. ప్రవేశిక

పాత వాహనాల సేకర్తల వద్ద, ఇనుప సామాన్ల దుకాణాల్లో అప్పుడప్పుడు ఒక స్తూపాకారపు ఇనుప డబ్బా కనిపిస్తుంది. దాని పైమూత మధ్యలో ఒక బోల్టు ఉంటుంది. ప్రక్కన రెండు సన్నని గొట్టాలను బిగించే రంధ్రాలు, చుట్టూ ఒక లోహపు పట్టీ, పొట్టపై సగం చెరిగిన అక్షరాలు ఉంటాయి. ఇది ఏమిటో తెలియనివారు దానిని చిన్న పంపుగానో, అగ్నిమాపక పరికరంగానో భావించడం కద్దు. 1920ల చివరి నుండి 1950ల వరకు తయారైన ఆయిల్ ఫిల్టర్ల సాధారణ రూపం ఇదే. నేటి మెకానిక్ చేతితో తిప్పి బిగించే పిడికెడు డబ్బాకు, దీనికి పోలిక తక్కువ.

ఈ తేడాను సాంకేతిక ప్రగతి అని ఒక్క మాటతో తేల్చడం తేలిక. ఫిల్టర్ల చరిత్రగా లభించేదానిలో అధికభాగం తయారీ సంస్థలు తమ గురించి తాము చెప్పుకున్నదే. 'మొదటిది మాదే' అనే ప్రకటన వాణిజ్యానికి అవసరం కావచ్చు గాని, దానిని చరిత్రకారుడు యథాతథంగా స్వీకరించరాదు. అందువల్ల ముందుగా అడగవలసిన ప్రశ్న 'ఎవరు కనిపెట్టారు?' అనేది కాదు, 'అంతకుముందు ఎందుకు లేదు?' అనేది.

2. కందెన నుండి చమురు ప్రసరణ వరకు

తెలుగులో 'కందెన' అనే మాట బండి ఇరుసుకు పెట్టే జిడ్డు పదార్థానికి చెందినది. ఎడ్లబండి ఇరుసుకు పెట్టిన కందెన తిరిగి రాదు. అది అరిగి, దుమ్ముతో కలిసి, నల్లని ముద్దగా బయటికి వచ్చి రాలిపోతుంది, రైతు మళ్ళీ కొత్తది పెడతాడు. వడగట్టవలసిన అవసరం అక్కడ తలెత్తదు. తొలితరం మోటారు వాహనాలు కందెన విషయంలో ఈ ఎడ్లబండికే బంధువులు. వాటిలో చమురు చుక్కలుగా బేరింగులపై పడి, కొంత కాలిపోయి, కొంత రోడ్డుపై కారిపోయేది. దానిని తిరిగి సేకరించి వాడే ఏర్పాటు లేదు. బండి ఇరుసుకు పరిచితమైన ఆముదమే ఈ ఇంజన్లకూ మేలైన కందెనగా ఉండేది. 1909లో బ్రిటన్‌లో వచ్చిన 'కాస్ట్రాల్' అనే వ్యాపారనామం ఆముదపు ఆంగ్లనామం నుండి ఏర్పడిందే.

1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టి దీనికి ఒక మెట్టు పైన ఉంటుంది. అందులో చమురు ఇంజను అడుగుననే నిలువ ఉండి మళ్ళీ మళ్ళీ ఉపయోగపడింది. కాని ఆయిల్ పంపు లేదు. తిరిగే ఫ్లైవీల్‌కు అమర్చిన అయస్కాంతాలు చమురును పైకి చిమ్మితే, ఒక గరాటు దానిని పట్టుకొని గొట్టం ద్వారా ముందు భాగానికి పంపేది. మిగిలిన పని చిందులది. ఇటువంటి ఇంజనులో నేడు తెలిసిన రూపంలోని ఫిల్టర్‌ను ఎక్కడ అమర్చాలి? గుడ్డ గుండా గాని కాగితం గుండా గాని చమురు పోవాలంటే వెనుక నుండి తోసే ఒత్తిడి కావాలి. గరాటులో పడి జారే చమురుకు ఆ ఒత్తిడి ఉండదు. కనుక ఆయిల్ ఫిల్టర్ చరిత్ర నిజానికి ఆయిల్ పంపు చరిత్రతో మొదలవుతుంది. పంపుతో చమురును క్రాంక్‌షాఫ్ట్ లోపలి రంధ్రాల ద్వారా బేరింగులకు చేర్చే ఇంజన్లు వ్యాపించిన తరువాతనే వడపోతకు ఒక దారి ఏర్పడింది.

దారితో పాటు అవసరం కూడా అదే ఏర్పాటు నుండి పుట్టింది. చమురు ఒకే చోట తిరుగుతూ ఉంటే అందులో పడినది అందులోనే ఉంటుంది. 1920ల ఆరంభంలో చాలా కార్లకు గాలి వడపోత లేదు. మట్టిరోడ్ల ధూళి కార్బురేటర్ గుండా సిలిండర్లలోకి, అక్కడ నుండి చమురులోకి చేరేది. కాలని పెట్రోలు, మసి, నీటి ఆవిరి, లోహపు రజను కలిసి చిక్కని మడ్డిగా మారేవి. కొన్ని వందల మైళ్ళకు ఒకసారి చమురు మార్చవలసి వచ్చేది.

ఇక్కడ బేరింగు లోహం గురించి కొంత చెప్పవలసి ఉంది. ఐజాక్ బాబిట్ 1839లో రూపొందించిన తగరం ప్రధానమైన మెత్తని మిశ్రమలోహం తొలి ఇంజన్ల బేరింగులకు పూతగా ఉండేది. ఇసుక రేణువు వచ్చి పడితే ఆ మెత్తని లోహం దానిని తనలోకి కుక్కుకొని షాఫ్టును కాపాడేది. ఒక విధంగా బేరింగే ఫిల్టర్. 1930లలో ఇంజన్ల శక్తి పెరిగి, భారం మోయగల రాగి-సీసపు బేరింగులు వచ్చినప్పుడు ఈ గుణం తగ్గింది. గట్టి లోహం రేణువును మింగదు, అది షాఫ్టును గీస్తుంది. ఫిల్టర్ అలంకారంగా ఉండే దశ నుండి తప్పనిసరి అయ్యే దశకు మారడంలో ప్రకటనల కంటే ఈ లోహపు మార్పు పాత్ర పెద్దదని భావించడం సమంజసం.

3. స్వీట్‌లాండ్: గని నుండి మోటారుకు

ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ పేరు మోటారు చరిత్రలో ప్రవేశించక ముందే రసాయన పరిశ్రమలో స్థిరపడింది. ఆయన పేరుతోనే పిలువబడిన 'స్వీట్‌లాండ్ ఫిల్టర్' రసాయన ఇంజనీరింగ్ పాఠ్యగ్రంథాలలో నేటికీ కనిపిస్తుంది. అడ్డంగా పడుకున్న ఒక ఇనుప పీపా, పొడవునా చీలిన రెండు సగాలలో తెరుచుకొనే కింది సగం, లోపల వరుసగా గుడ్డ తొడిగిన గుండ్రని పలకలు - ఇదీ దాని నిర్మాణం. ఒత్తిడితో లోపలికి పంపిన ద్రవం గుడ్డ గుండా పలకలోకి ప్రవేశించి బయటికి పోతుంది. మడ్డి గుడ్డపై పేరుకుంటుంది. బంగారు ఖనిజాన్ని సయనైడ్‌తో శుద్ధి చేసే చోట, చక్కెర శుద్ధి కర్మాగారాలలో ఇటువంటి యంత్రాలు పనిచేశాయి.

1923 నాటికి ఆయన, జార్జ్ గ్రీన్‌హాల్ష్‌తో కలిసి మోటారు కారు కోసం రూపొందించిన ఆయిల్ ఫిల్టర్‌కు 'ప్యూరొలేటర్' అని పేరు పెట్టారు. 'ప్యూర్ ఆయిల్ లేటర్' అనే మూడు మాటల కలయిక అది. ఒక పాత్రలో వరుసగా అమర్చిన, నేత గుడ్డ కప్పిన రంధ్రాల పలకలు దాని తొలి రూపం. పై పేరాలోని పెద్ద యంత్రంతో దీనిని పోల్చి చూస్తే ఈ వ్యాసంలో చెప్పదలచిన విషయం స్పష్టమవుతుంది. పాత్ర, ఒత్తిడి, గుడ్డ కప్పిన పలకల వరుస అన్నీ అవే. మారినది పరిమాణం, ద్రవం, తెరిచి కడిగే అవకాశం మాత్రమే. గనిలోని యంత్రాన్ని తెరిచి మడ్డిని గీకి తీసే కార్మికుడు ఉంటాడు, కారు బానెట్ కింద ఉండడు. ఆ కార్మికుడి లోటును తీర్చడం ఎలా అన్నదే తరువాతి ముప్పై ఏళ్ళ ఫిల్టర్ చరిత్ర.

ఈ పోలిక స్వీట్‌లాండ్ ప్రతిభను తగ్గించేది కాదు. వడపోత అనే భావన ఎవరి సొత్తూ కాదు. ఆవకాయ నూనెను గుడ్డలో వడియగట్టే గృహిణికీ అది తెలుసు. వేడిచమురు, కంపనం, ఇరుకు స్థలం అనే మూడు షరతుల మధ్య ఆ భావనను నిలబెట్టడం వేరు. దానికి 1929లో అమెరికా పేటెంటు లభించింది. పేటెంటు హక్కుల పక్షాన ఉన్న మోటార్ ఇంప్రూవ్‌మెంట్స్ సంస్థకూ, జనరల్ మోటార్స్‌కు చెందిన ఎ.సి. స్పార్క్ ప్లగ్ సంస్థకూ మధ్య 1930లలో ఫెడరల్ న్యాయస్థానాలలో వ్యాజ్యం నడిచింది. అంత పెద్ద సంస్థ ఒక గుడ్డసంచి డబ్బా కోసం న్యాయస్థానంలో నిలబడిందంటే అప్పటికే ఆ వస్తువు విలువ ఎంతగా పెరిగిందో ఊహించవచ్చు.

4. 1924 క్రైస్లర్

1924 జనవరిలో న్యూయార్క్‌లోని కమడోర్ హోటల్ లాబీలో వాల్టర్ క్రైస్లర్ తన పేరు పెట్టిన కారును ప్రదర్శించాడు. ఫ్రెడ్ జీడర్, ఓవెన్ స్కెల్టన్, కార్ల్ బ్రీర్ అనే ముగ్గురు ఇంజనీర్లు రూపొందించిన ఆ ఆరు సిలిండర్ల వాహనంలో ఏడు మెయిన్ బేరింగుల క్రాంక్‌షాఫ్ట్, అధిక కంప్రెషన్, నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు, గాలి వడపోత, ఆయిల్ ఫిల్టర్ ఉన్నాయి. మధ్యతరగతి ధరలో ఇవన్నీ కలిసి రావడం అప్పటికి అరుదు. మొదటి ఏడాదిలో దాదాపు 32,000 కార్లు అమ్ముడుపోయాయి. 1925 జూన్‌లో క్రైస్లర్ కార్పొరేషన్ ఏర్పడింది.

ఏడు బేరింగులు, అధిక కంప్రెషన్, ఫిల్టర్ అనే మూడింటినీ విడివిడిగా చూడరాదు. ఎక్కువ వేగంతో తిరిగే ఇంజను మన్నుతుందని కొనుగోలుదారును నమ్మించడానికి ఫిల్టర్ ఒక హామీ పత్రంలా పనిచేసింది. ఆనాటి మరొక సంగతిని ఇక్కడ గుర్తుచేయవచ్చు. కంప్రెషన్ పెంచితే ఇంజను 'తట్టే' దోషాన్ని నివారించే సీసం కలిపిన పెట్రోలు 1923 ఫిబ్రవరిలోనే డేటన్ నగరంలో తొలిసారి అమ్మకానికి వచ్చింది. ఆ కాలపు వాడిన ఫిల్టర్ల మడ్డిలో సీసం ఉండడానికి కారణం అదే. పాత ఫిల్టర్లను కోసి పరిశీలించేవారు చేతి తొడుగులు లేకుండా ఆ పని చేయరాదు.

5. పక్కదారి వడపోత

మొదట ప్రస్తావించిన డబ్బాకు రెండు సన్నని గొట్టాలు ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం తెలిసినవారికి పాత ఫిల్టర్ సగం అర్థమైనట్లే. నేటి ఇంజనులో పంపు నుండి వచ్చే చమురంతా ముందు ఫిల్టర్ గుండా పోయి తరువాత బేరింగులకు చేరుతుంది. దానిని 'ఫుల్ ఫ్లో' అంటారు. ఆనాటి డబ్బా అలా కాదు. పంపు నుండి వచ్చే చమురులో సుమారు పదోవంతు మాత్రమే ఒక సన్నగొట్టం ద్వారా డబ్బాలోకి వెళ్ళి, శుద్ధమై, రెండో గొట్టం ద్వారా తిరిగి అడుగునున్న చమురుతొట్టికి చేరేది. బేరింగులకు వెళ్ళేది మాత్రం వడగట్టని చమురే. దీనిని 'బైపాస్' పద్ధతి అంటారు.

నేటి దృష్టికి ఇది అసంబద్ధంగా తోస్తుంది. కాని దీని వెనుక ఒక భయం, ఆ భయానికి ఒక హేతువు ఉన్నాయి. గుడ్డ పూడుకుపోతే ఏమవుతుంది? అసలు దారిలో ఉన్న ఫిల్టర్ పూడుకుపోతే బేరింగులకు చమురు అందక ఇంజను కొద్ది నిమిషాలలో పాడవుతుంది. పక్కదారిలో ఉన్నది పూడుకుపోతే నష్టం శుద్ధి ఆగిపోవడమే. మురికి చమురు, చమురు లేకపోవడం కంటే మేలు. పైగా పక్కదారిలో ప్రవాహం నెమ్మది గనుక దట్టమైన పత్తిని, గుడ్డను వాడి చాలా సూక్ష్మమైన రేణువులను కూడా పట్టవచ్చు.

దీని ఫలితాన్ని ఒక ఊహాత్మక లెక్కతో పరిశీలించవచ్చు. తొట్టిలో 5 లీటర్ల చమురు ఉండి, పంపు నిమిషానికి 10 లీటర్లు తోస్తే, పదోవంతుగా నిమిషానికి 1 లీటరు ఫిల్టర్‌లోకి పోతుంది. అంటే 5 నిమిషాలలో తొట్టికి సమానమైన పరిమాణం శుద్ధి అవుతుంది. కాని శుద్ధమైనది మళ్ళీ మురికిలోనే కలుస్తుంది. కాబట్టి ఆ 5 నిమిషాలలో నిజంగా ఫిల్టర్‌ను దర్శించిన చమురు దాదాపు 63 శాతమే, మిగిలిన 37 శాతం ఒక్కసారి కూడా దానిలోకి వెళ్ళదు. మరో 5 నిమిషాలకు అది 14 శాతం దాకా తగ్గుతుంది. సుదీర్ఘ ప్రయాణంలో ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. ఈ క్షణంలో పుట్టిన లోహపు రజనును మరుక్షణం బేరింగుకు చేరకుండా ఆపడం మాత్రం దాని వల్ల కాదు.

ఫుల్ ఫ్లోకు మారడానికి రెండు అంశాలు తోడ్పడ్డాయి. మొదటిది పూడిక ఏర్పడినప్పుడు దానంతట అదే తెరుచుకొని చమురును వదిలే వాల్వు. రెండవది రెజిన్ పట్టించి మడతలుగా పేర్చిన కాగితం. చిన్న డబ్బాలో విశాలమైన వడపోత వైశాల్యాన్ని అది ఇమడ్చగలిగింది. దీనికి యుద్ధానంతరం వ్యాపించిన డిటర్జెంట్ చమురులను కూడా చేర్చాలి. పాత చమురులో మురికి తొట్టి అడుగున పేరుకొనేది. డిటర్జెంట్ కలిపిన చమురు మురికిని పేరుకోనీయక తనతో మోసుకుపోతుంది. మోసుకుపోయే దానిని దారిలోనే ఆపవలసి వచ్చింది.

అయినా ఈ మార్పు ఏకరీతిగా సాగలేదు. ప్యూరొలేటర్ వచ్చిన మూడు దశాబ్దాలకు, 1955లో, షెవ్రొలే తన ప్రఖ్యాత చిన్న వి-8 ఇంజనును విడుదల చేసినప్పుడు ఆ ఇంజను దిమ్మెలో ఫిల్టర్‌కు చోటే లేదు. కావలసినవారు అదనంగా బైపాస్ డబ్బాను అమర్చుకోవాలి. ఫుల్ ఫ్లో ఏర్పాటు 1956లో వచ్చింది. ఫోక్స్‌వాగన్ బీటిల్ సంగతి ఇంకా చిత్రం. గాలితో చల్లబడే ఆ ఇంజను దశాబ్దాల తరబడి కేవలం ఒక తీగవల జల్లెడతోనే కోట్లాది మైళ్ళు తిరిగింది. 'ఫిల్టర్ లేనిదే ఇంజను లేదు' అనే సూత్రీకరణ చారిత్రకంగా నిలవదు.

6. కడగడమా, పారవేయడమా

ప్రావిడెన్స్‌లో ఫ్రాంక్లిన్, ఆల్డం అనే ఇద్దరు రసాయనవేత్తల పేర్ల నుండి పుట్టిన 'ఫ్రామ్', 1930లలో లోపలి సరుకును మాత్రం తేలికగా మార్చుకొనే ఫిల్టర్‌తో ప్రసిద్ధి పొందింది. 1939లో నార్త్ కరొలైనాలోని గాస్టోనియాలో ఏర్పడిన 'విక్స్' సంస్థ 1954లో తిప్పి బిగించే డబ్బాను ప్రవేశపెట్టినట్లు చెప్పుకుంటుంది. ఈ రెండూ నూలుమిల్లుల ప్రాంతాలు. తొలి ఫిల్టర్లలో నింపినది పత్తి, నూలు వ్యర్థాలు, గుడ్డ కావడాన్ని బట్టి చూస్తే ఈ భౌగోళిక సామీప్యాన్ని కేవలం యాదృచ్ఛికమనడం కష్టం.

ఇదే కాలంలో వేరొక దారి కూడా ఉంది. కనెక్టికట్‌లోని క్యూనో సంస్థ 'ఆటో-క్లీన్' ఫిల్టర్‌లో గుడ్డ లేదు, కాగితం లేదు. పలుచని లోహపు బిళ్ళలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. వాటి సందుల గుండా చమురు పోతుంది. పైనున్న పిడిని తిప్పితే మధ్యలోని పలుచని పలకలు మురికిని గీకి అడుగున పడవేస్తాయి. దానిని పారవేయవలసిన పనే లేదు. ఇటలీలో ఫియట్ 500, 850 వంటి చిన్న కార్లు చమురును గిర్రున తిప్పి, బరువైన మురికిని అంచులకు అంటుకొనేట్లు చేసే అపకేంద్ర వడపోతను వాడాయి. అమెరికాలో ఫ్రాంట్జ్ అనే వ్యాపారనామంతో టాయిలెట్ కాగితపు చుట్టనే వడపోత సాధనంగా వాడిన డబ్బా కూడా ఉంది. హాస్యాస్పదంగా తోచినా, బైపాస్ నెమ్మది ప్రవాహంలో దట్టమైన కాగితపు చుట్ట ఎందుకు పనిచేస్తుందో ముందు భాగంలో చూశాము.

లోహపు బిళ్ళల ఫిల్టర్ ముతక రేణువులనే పట్టగలదన్నది వాస్తవమే. అయినా కార్లలో అది వెనుకబడడానికి అదొక్కటే కారణం కాదు. పిడిని తిప్పే బాధ్యత యజమానిది. పారవేసే డబ్బా ఆ బాధ్యతను సర్వీస్ స్టేషన్‌కు అప్పగించింది, అమ్మకందారుకు ప్రతి కొన్నివేల మైళ్ళకు ఒక కొత్త అమ్మకాన్ని సమకూర్చింది. గనిలో మడ్డి గీకిన కార్మికుడి స్థానాన్ని చివరకు భర్తీ చేసింది ఒక యంత్రం కాదు, ఒక వ్యాపార పద్ధతి.

7. వస్తువును చదివే విధానం

పాత ఫిల్టర్ కాలనిర్ణయంలో మొదట చూడవలసినది దారి. రెండు సన్నగొట్టాలకు చోటుంటే అది బైపాస్. నేరుగా ఇంజను దిమ్మెకు బోల్టుతో బిగించే గిన్నె ఉంటే ఫుల్ ఫ్లో, లోపలి సరుకు మార్చే రకం. మరతో తిరిగే మూసిన డబ్బా అయితే 1954కు ముందుదని చెప్పడానికి బలమైన ఆధారం కావాలి. షెవ్రొలే చిన్న వి-8 గిన్నె నుండి ఈ డబ్బాకు మారినది 1968లో. అంటే ఒక కొత్త రూపం పుట్టిన ఏడాదికీ, అది ఒక ఇంజనుకు చేరిన ఏడాదికీ మధ్య పద్నాలుగేళ్ళ దూరం ఉండవచ్చు.

డబ్బాపై ముద్రించిన పేటెంటు సంఖ్య ఒక వైపు హద్దును మాత్రమే ఇస్తుంది. 1929 నాటి పేటెంటు సంఖ్య ఉన్న వస్తువు అంతకు ముందుది కాజాలదు. ఎంత తరువాతిదో ఆ సంఖ్య చెప్పదు. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం పేటెంటు గడువు మంజూరు నుండి 17 ఏళ్ళు. కనుక 1946 దాకా ఆ ముద్ర కొనసాగడం సహజం.

అన్నిటికంటే నమ్మదగనిది రంగు, అంటించిన చీటీ. రెండవ ప్రపంచయుద్ధపు విల్లీస్ జీపులకు అమర్చిన ప్యూరొలేటర్ బైపాస్ డబ్బాల చీటీలు నేడు కొత్తగా ముద్రించి అమ్ముతున్నారు. ఇటీవలి చీటీ, పాత డబ్బా కలిసి ఉండడం మోసం కానక్కరలేదు, పునరుద్ధరణ కావచ్చు. పరిశోధకునికి మాత్రం రెండింటి ఫలితమూ ఒకటే. లోపలి సరుకును మార్చినంత తేలికగా చీటీనీ మార్చవచ్చు. గొట్టపు బిగింపులను, మూత అంచు మడతను, అతుకు గీతను మార్చడం కష్టం.

8. భారతీయ రహదారులపై

యుద్ధానంతరం మహీంద్రా సంస్థ భారతదేశంలో కూర్చి అమ్మిన విల్లీస్ జీపులతో బైపాస్ డబ్బా ఇక్కడికీ వచ్చింది. తెలుగునాట ప్రభుత్వ కార్యాలయాల ఆవరణలలో నిలిచిన ఆ జీపుల బానెట్ కింద అది సుపరిచితమే. ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మోటారు సైకిల్‌లో చిన్న ఫెల్ట్ వడపోత ఉండేది. దానిని పెట్రోలులో కడిగి మళ్ళీ పెట్టేవారు. తయారీదారు పారవేయమన్నదానిని కడగడం, కడగమన్నదానిని అరిగేదాకా కడగడం పొదుపుకు అలవాటుపడిన సమాజంలో వింత కాదు.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్‌లోని 1489 సి.సి. ఇంజను ఫుల్ ఫ్లో గిన్నె కలది. పానాతో మధ్య బోల్టు విప్పితే గిన్నె కిందికి దిగుతుంది. లోపల కాగితపు సరుకు, దానికింద స్ప్రింగు, వాషర్లు ఉంటాయి. గిన్నె అంచు కూర్చొనే గాడిలో ఒక రబ్బరు రింగు ఉంటుంది. పాత రింగు గాడిలో గట్టిపడి లోహంలా కనిపిస్తుంది. దానిని గుర్తించక పైన కొత్త రింగు పెట్టి బిగిస్తే, ఇంజను స్టార్టు చేయగానే చమురు బయటికి చిమ్ముతుంది. అందుకే అనుభవజ్ఞుడైన మెకానిక్ గాడిలో సూదితో గీకి చూసిన తరువాతనే కొత్త రింగు చేతికి తీసుకొనేవాడు. దేశమంతటా సీసపు పెట్రోలు అమ్మకం ఆగిన 2000 సంవత్సరం వరకు ఆ గిన్నె అడుగు మడ్డిలో సీసపు పాలు ఉంటూనే వచ్చింది. మెకానిక్ దానిని కిరసనాయిలుతో కడిగి కాలువలో పారబోసేవాడు.